అరిచేదాక

మా ఊర్ల మా అత్త చెయ్యి పడని గొర్రె లేకుండె. మనుషులు గూడ శానమందే. అత్తంటే మా అక్కకు అత్త, మా బావను కన్నతల్లి. వాతలు పెట్టుట్ల కోస్గి సుట్టుపక్కల ఆమెను మించినోళ్ళు లేరని పేరు. గొర్రెకు కాళ్ళు వాస్తే వాత, ఆవు మేత మానేస్తే వాత, పిల్లగానికి కడుపుల బల్ల పెరిగితే వాత. నాకు పచ్చకామెర్లయితే బొడ్డు పక్కన ఒకటి పెట్టింది. నేను అరిచిన అరుపుకు పక్కింటి బర్రె మూడొద్దులు పాలియ్యలేదని ఇప్పటికీ చెప్తరు. అబద్ధం. ఒక్క పూటనే ఇయ్యలేదు.

ఆమె పనికి ఒక పద్ధతి ఉండె. జానెడు పొడుగు ఇనుప కడ్డిని పిడకల నిప్పుల ఎర్రగ కాల్చి, నొప్పి ఉన్న జాగల ఆనిస్తది. ఎంతసేపంటే, గొర్రెకైతే అది తన్నేదాక, మనిషికైతే అరిచేదాక. అరిచిన గడియలనే తీసేస్తది. ముందుగాల తీస్తే రోగం లోపలనే ఉంటది, అరుపు తోటే అది బయటికి పోతదని ఆమె నమ్మకం. అంతమందికి పెట్టింది గని ఒక్కరికి గూడ చీము పట్టలేదు. ఎందుకంటే అందరూ అరుస్తరు. నేనైతే కడ్డి ఇంక నిప్పులల్ల ఉండంగనే అరిచిన.

నాలుగో తరగతిల నేను బడి ఇడిసిపెట్టిన. బడే నన్ను ఇడిసిపెట్టిందని మా నాయిన అంటుండె. ఇంటికాడ ఉంటే రోజూ గదే పాట, అందుకని అక్కను ఇచ్చిన ఈ ఊరికొచ్చి ఇక్కడనే ఉండిపోయిన. కోస్గి అంగట్ల గొర్ల దలాలి చేస్తుంటి. అది నోటితోటి చేసే పని. ముసలి గొర్రెను పడుచుదని నమ్మియ్యాలె, కొనెటోన్ని నవ్విచ్చి జేబుల చెయ్యి పెట్టియ్యాలె. నా నోటితోటి బతికిన. ఆ నోరు ఎవలనన్న ముంచుతదని అప్పటికి నాకు తెల్వకుండె.

మా ఊర్లకెల్లి పటాలంలకు పోయినోడు బావ ఒక్కడే. చీనా లడాయిల, మంచు గుట్టల మీద, బాంబు తునక ఒకటి ఆయన ఎడమ మోకాలి కింద, ఎనకనుంచి దూసుకపోయింది. రెండొద్దులు ఆ మంచులనే పడున్నడట. రెండు కాలివేళ్ళు మంచుకే పోయినయ్. నెలలకు నెలలు మిలిటరీ దవాఖానల్ల పండి, ఆఖరుకు గాయం సంగతి రాసిన ఒక పుస్తకం, ఒక జత బూట్లు, రెండేండ్ల పింఛను కాయితం పట్టుకొని ఇంటికొచ్చిండు. రెండేండ్లు నిండినంక మల్ల పట్నం పోయి డాక్టర్ల ముందట నిలవడాలె. ఈ కాలు లడాయిలనే చెడిందని వాళ్ళు మల్ల రాస్తే పింఛనూ ఉంటది, మిలిటరీ దవాఖాన తలుపూ తెరిసే ఉంటది. రాయకుంటే రెండూ పోతయ్.

ఇంటికొచ్చిన బావ బాగనే ఉన్నడనుకున్నం. కుంటుతుండె గని మందెంట పోతుండె. ఎండకాలంల గూడ బూట్లు ఇప్పకపోతుండె. పొద్దుగూకంగ గోడకానుకొని కూసొని బూటిప్పి, పాదాన్ని అటు తిప్పి ఇటు తిప్పి దీక్షగ సూసుకుంటుండె. ఆడోళ్ళు అద్దం సూసుకున్నట్టు సూసుకుంటవేంది బావా, గా పాదానికి పెండ్లి గిట్ల కుదిరిందా అని నేననేది. ఆయన నవ్వేటోడు.

ఒకనాడు తుమ్మముల్లు బూటు అడుగు నుంచి దిగి పాదంల ఏలెడు లోతు పోయింది. గా ముల్లుతోటే పగటీలి మొత్తం నడిసిండు. సాయంత్రం అక్క పీకంగ సూసి నేను ఊరందరికీ చెప్పిన, మిలిటరోళ్ళు మా బావ కాలుకు గూడ డ్రిల్లు నేర్పిండ్రు, హుకుం లేంది చప్పుడు చెయ్యదు అని. మస్తు నవ్విండ్రు. ఆ మాట నెలరోజులు నడిసింది మా ఊర్ల.

ఇంకోనాడు అరుగు మీద కూసొని బావ నలుగురికి మంచు గుట్టల ముచ్చట చెప్తాండు. కాళ్ళు కిందికి ఏలాడేసిండు. మంద కుక్క ఆయన ఎడమ మడిమెను నాకుతాంది. ఇంత ప్రేమ ఎప్పటిసంది అనుకొని ఒంగి సూసిన. నాకుతలేదు, కొరుకుతాంది. మడిమె పగిలి నెత్తురు కారుతాంది, కుక్క మూతి ఎర్రగయింది. బావ నవ్వుకుంట ముచ్చట చెప్తనే ఉన్నడు. కుక్కను తన్ని తరిమిన. ఆయన కిందికి సూసి, నా దిక్కు సూసి, కాలును గొంగడిల సుట్టుకున్నడు. 

ఆ మడిమె మానలేదు. పుండు పెరిగి చీలమండ దాక వాసింది. గదే నెలల పట్నం నుంచి కాయితం వచ్చింది, వచ్చే నెలల డాక్టర్ల ముందట హాజరు కావాలెనని. గిట్లాంటి కాలేసుకొని పట్నం ఎట్ల పోతవు బిడ్డా, ఒక్క వాత పెడితే మూడొద్దులల్ల ఎండిపోతది అన్నది అత్త. డాక్టర్లే సూస్తరులే అమ్మా అని బావ తప్పిచ్చుకుంట తిరిగిండు. వారం దినాలు గట్లనే తిరిగిండు.

ఇగ గొర్ల బొచ్చు కత్తిరించే దినం వచ్చింది. ఆ దినం సుట్టాలందరు ఒక్కకాడ కూడుతరు. కత్తెరలు ఆడుతయ్, కల్లు కుండలు దిగుతయ్. అత్త పిడకలు రాజేసి కడ్డి నిప్పులల్ల పెట్టింది, కుంటుతున్న గొర్లు రెండుండె. వాటికి పెట్టినంక కొడుకును పిలిసింది. బావ వద్దన్నడు. లేసి అవుతలికి పోతాండు. అందరూ సూస్తున్నరు. నా నోరు ఊకుంటదా.

"చీనోని తుపాకికి నిలవడ్డోడు అమ్మ కడ్డిని సూసి ఉరుకుతాండు సూడుండ్రి" అన్న.

కత్తెరలు ఆగినయ్. మొగోళ్ళు, ఆడోళ్ళు, ఇంత ఇంత పిల్లలు గూడ నవ్విండ్రు. బావ ఆగిండు. ఎనకకు తిరిగొచ్చి పీట మీద కూసొని కాలు సాపిండు. నన్ను పట్టుకొమ్మన్నరు. రెండు చేతులతోటి పిక్క పట్టుకున్న. అత్త కడ్డి తెచ్చి చీలమండ మీద ఆనిచ్చింది.

అందరం అరుపు కోసం సూస్తున్నం. బావ అరవలేదు. పండ్లు గూడ కొరకలేదు. బీడీ నోట్ల పెట్టుకొని, అగ్గిపెట్టె ఇయ్యుమని పక్కోన్ని అడిగిండు. మంది ఆహా అన్నరు. మిలిటరీ మనిషంటే గిట్లుండాలె అన్నరు. అత్త ముఖంల గర్వం గాదు, ఫికర్ కనిపిచ్చింది. రోగం శాన లోపలికి పోయింది, ఇంక బయటికొస్తలేదని కడ్డిని ఇంక ఒత్తింది. వాసన లేసింది. కట్టేసిన గొర్లు ఒక్కసారి బెదిరి గుంజుకున్నయ్. నా అరచేతులకు ఆ పిక్కల నుంచి సెగ తగిలింది, అప్పుడు నాకు భయమైంది. కాలు గుంజిన. అత్త నన్ను తిట్టింది, పని మధ్యల చెడగొట్టినవని. మల్ల ఎర్రగ కాల్చి, పాత గాయం మచ్చ మీద ఒకటి, మడిమె మీద ఒకటి పెట్టింది. బావ బీడీ తాగుతనే ఉన్నడు. పొగ వదులుకుంట నన్నే సూస్తున్నడు.

మూడొద్దులకు ఎండుతదన్న కాలు మూడొద్దులకు నల్లగయింది. వారానికి వాసన ఇల్లంత నిండింది. అక్క యాపాకు పొగ ఏసేది. బావ తన మంచాన్ని తనే మోసుకపోయి దొడ్లె ఏసుకున్నడు. ఆయన దొడ్లకొస్తే గొర్లు అవుతలి మూలకు జరుగుతుండె. రోజూ ఆయన చేతుల గడ్డి తిన్న గొర్లు. పొద్దున లేవంగనే బావ ఒక బొగ్గుముక్క తీసుకొని, వాపు యాడిదాక ఎక్కిందో అక్కడ కాలు మీద గీత గీసుకునేటోడు. అత్తతోటి మాత్రం ఎండుతాందమ్మా, మంచిగయితాంది అంటుండె. ఆమె ముందట గుడ్డ ఇప్పనిచ్చేటోడు గాదు.

పట్నం పోయే దినం నేను తోడు పోయిన. పాలమూరు దాక బస్సు, అక్కడ్నించి రైలు. ఆయన బరువంత నా భుజం మీదనే. జడ్చర్ల దాటినంక, ఆయన మొఖం సూడలేక ఒక మాట అన్న. డాక్టర్లు అడిగితే ఎవలు కాల్చిండ్రంటవ్ బావా, అత్త పేరు చెప్పకు, మిలిటరోళ్ళు బేడీలేసి జీపుల ఎక్కిచ్చుకొని పోతరు అని. నవ్వుతడనుకున్న. నవ్వలేదు. కిటికిల నుంచి బయటికి సూసుకుంట చెప్పిండు.

"మోకాలు కింద నాకు ఏం తెల్వది రా బామ్మర్ది. ఆ తునక తగిలినప్పటిసంది తెల్వది. రోజూ కండ్లతోటి సూసుకొమ్మని డాక్టర్లు చెప్పిండ్రు, కాలు తనంతట తాను చెప్పదని."

ఇంట్ల ఎందుకు చెప్పలేదని అడిగిన. సచ్చిన కాలోనికి గొర్ల మంద ఎవలు అప్పజెప్తరు అన్నడు. అందరి ముందట చెప్పుడెట్ల అన్నడు. రైలు పోతాంది. కుక్క, ముల్లు, బీడీ అన్నీ ఒక్కొక్కటి నాకు మల్ల కండ్లల్ల కనిపిస్తున్నయ్.

దవాఖానల ముగ్గురు డాక్టర్లు కూసున్నరు. నేను వరండల, తలుపు పక్కన నిలవడ్డ. గుడ్డ ఇప్పంగనే లోపల మాటలాగిపోయినయ్. పెద్ద డాక్టరు పుస్తకంల రాసిన పాత గాయం మచ్చ కోసం ఎతికిండు. మచ్చ లేదు, దాని మీద వాత ఉన్నది. ఇది లడాయి గాయం గాదు, కాల్చిన గాయం, ఎవలు చేసిండ్రు అని అడిగిండు. బావ అటెన్షన్ల నిలవడ్డట్టు గొంతు సవరిచ్చుకున్నడు.

"నేనే కాల్చుకున్న సాబ్" అన్నడు.

రైల్ల నేనన్న మాట నాకు గుర్తొచ్చింది. ఆ మాటనే ఆయన గట్టిగ నమ్మిండు, తల్లికి బేడీలు పడుతయని. లోపల కలం గీకిన చప్పుడు ఇనిపిచ్చింది.

వరండల ఊడుస్తున్న ముసలాయన నాకు చెప్పిండు, తన ఒంటికి తానే హాని చేసుకున్నోనికి సర్కారు ఏమియ్యది, గాయన పని అయిపోయినట్టే అని. బావ బయటికొచ్చి బల్ల మీద కూలవడ్డడు. కట్టు కొత్తది కట్టిండ్రు. మోకాలు కింద కాలు తీసేయాలె, లేకుంటే ఇసం పైకెక్కుతదని చెప్పిండ్రట. కాయితం మంజూరైతే ఇక్కడనే తీస్తరు, పూనాకు తోలి చెక్కకాలు గూడ పెట్టిస్తరు. కాకుంటే సర్కారు దవాఖాన సూసుకోవాలె, చెక్కకాలు మాట మరిచిపోవాలె.

నేను తలుపు నూక్కొని లోపలికి పోయిన. అంగట్ల నేర్చిన తురకంతోటి ఉన్నదున్నట్టు చెప్పిన. ఆయన కాల్చుకోలేదు సాబ్, మేమే కాల్చినం, మంచిగయితదని కాల్చినం, కాలుకు తెలివి లేదని మాకు తెల్వది. డాక్టరు నన్ను పైనుంచి కిందికి సూసిండు. మంచి మనిషి. తెలివి లేని కాలు గాబట్టే గింత లోతు కాలింది, తెలివి పోయింది లడాయిల, అంటే ఇదీ లడాయి గాయమే అని రాయొచ్చు అన్నడు. గని నోటిమాట పనికిరాదు. కాల్చినోళ్ళు ఏం జరిగిందో బయాన్ రాసి ఏలుముద్రెయ్యాలె, తాలూకా నుంచి మనిషొచ్చి ఊర్ల ఇచారిచ్చాలె. జల్ది కావాలె అన్నడు, బావ కాలు దిక్కు సూసి.

బయటికొచ్చి చెప్తే బావ నా అంగి పట్టుకున్నడు. ఎన్నడు అంత కోపం సూడలేదు.

"అమ్మకు తెల్వొద్దు. తన వాతకే కొడుకు కాలు పోతాందని తెలిస్తే ఆమె మిగులుతదా? కాలు పోతే పోనీ."

సరే అన్న. అత్త పేరు రానియ్య, నా పేరే రాస్త అన్న. ఆయన అంగి ఇడిసిండు.

ఊరికి తిరిగొచ్చినంక, నాలుగో తరగతి దస్తూరితోటి, కోస్గిల ఒక దుకాణం గడప మీద కూసొని, ఆ బయాన్ రాసిన. కడ్డి నేనే కాల్చిన, నేనే పెట్టిన, మా బావ అరవకుంటే ఇంక ఒత్తిన అని. రాస్తుంటే అబద్ధం రాస్తున్నట్టు అనిపియ్యలేదు. ఎనిమిది తావుల తప్పులు పోయినయని దుకాణపాయన చెప్పిండు. ఏడు దిద్దిన, ఎనిమిదోది యాడుందో దొరకలేదు. టపాల ఏసిన.

తర్వాత ఎదురుసూపులే. బొగ్గు గీత పిక్క సగానికొచ్చింది, దాని మీదికెక్కింది. బావకు జరం. నీళ్ళు తప్ప దిగుతలేదు. అక్క నాతోటి మాట్లాడుడు బందు పెట్టింది. ఆమెకు ఎవలూ ఏం చెప్పలేదు గని ఆ దినం నవ్విండ్రు గదా, ఎవలు నవ్విచ్చిండ్రో ఆమెకు తెలుసు.

తాలూకా కచేరి నుంచి గిర్దావర్ వచ్చిండు, పట్వారిని ఎంటేసుకొని. మా అరుగు మీదనే మంచమేసినం. సాక్షుల ముందట బయాన్ సదివి ఇనిపియ్యాలె, సర్కారు కాయిద గట్లున్నది అన్నడు. చాయ తాగుండ్రి, ఎండల పడొచ్చిండ్రు, లోపల కూసొని సదువుకుందం అని నేను శాన తిప్పలవడ్డ. నా మాటకు మొదటిసారి ఎవలూ పడలేదు. ఆయన అద్దాలు పెట్టుకొని గట్టిగ మొదలువెట్టిండు. గొర్ల దొడ్లనుంచి అత్త వచ్చి గుంజకాడ నిలవడ్డది. చేతులకు పెండ ఉన్నది.

కడ్డి నేనే కాల్చిన, నేనే పెట్టిన అని గిర్దావర్ సదవంగనే ఆమె నవ్వింది.

"ఈ ఇంట్ల కడ్డి పట్టేది నేను సారూ. ఈనికి గొర్రె చెవి గూడ పట్టుడు రాదు. నా పనిని ఈడెట్ల రాసుకుంటడు?"

అందరూ నవ్విండ్రు. నేను అత్త దిక్కు సూసి వద్దు వద్దని తల ఊపిన. పరాచకమాడుతున్న అనుకున్నది. నేనెప్పుడూ గదే చేస్తుంటి గదా. గిర్దావర్ అడిగిండు, అయితే నువ్వే పెట్టినవా అని. అవు, మూడు పెట్టిన, నా చేతి వాత సూస్తే మా ఊర్ల ఎవలన్న గుర్తు వడుతరు అన్నది. గిర్దావర్ నా పేరు కొట్టేసి ఆమె పేరు రాసిండు. పెండ కడుక్కొని వచ్చి, సంతోషంగ, గట్టిగ బొటనేలు ఒత్తింది.

అప్పుడు అడిగింది, ఇంతకు నా వాత గురించి సర్కారుకు ఏం పని అని. గిర్దావర్ తన పని తాను చేస్తున్నడు, ఆయనకేం తెలుసు. డాక్టరు పంపిన కాయితం తీసి సదివిండు. కాల్చిన గాయం బొక్క దాక పోయిందని, కాలు కుళ్ళిందని, మోకాలు కింద తీసేయవలసి ఉన్నదని.

దొడ్లె మంచం మీదున్న బావ మోచేతుల మీద లేసిండు. అత్త అక్కడిదాక నడిసిపోయింది. ఇన్నొద్దులు ఆయన ఇప్పనియ్యని గుడ్డను ఇప్పింది. సూసింది.

"నీకు తెల్వలేదా బిడ్డా?"

"లేదమ్మా."

"జర అరిస్తే తీసేస్తుంటి గదా."

"ఎప్పుడు అరవాల్నో తెల్వలేదమ్మా" అన్నడు బావ.

కాయితం మంజూరైంది. దవాఖాన తలుపు తెరిసిండ్రు. కాలు తీసిండ్రు, అంటే బతికిచ్చిండ్రు. పూనాల తోలు పట్టీల చెక్కకాలు పెట్టిండ్రు. పింఛను గూడ ఈసారి ఆయన బతికున్నన్నొద్దులని రాసిచ్చిండ్రు. ఇంటికొచ్చినంక బావ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండు.

అత్త ఇగ వాతలు పెట్టలేదు. ఆ వానకాలం దూరం ఊర్ల నుంచి బండ్లు కట్టుకొని వచ్చిండ్రు, పసిపిల్లలను ఎత్తుకొని వచ్చిండ్రు. ఎవలు బతిమిలాడినా కొంగు కింద చేతులు దాసుకొని కూసునేది. వాళ్ళు ఇంకెవలి దగ్గరికో పోతుండె, ఆ పెట్టెటోళ్ళకు చెయ్యి ఎంత దిట్టమో ఎవలికి తెలుసు.

ఒక పొద్దు నేను నీళ్ళు తాగుదామని వంటింట్లకు పోయిన. అత్త ఒక్కతే పొయ్యి ముందట ఉన్నది. మరుగుతున్న కుండ పొట్టకు చూపుడువేలు ఆనిచ్చి పెట్టుకున్నది. తీసింది. మల్ల ఆనిచ్చింది. వేలి కొన తెల్లగ ఉబ్బింది. ఏం చేస్తున్నవత్తా అన్న.

"ఎంతసేపటికి తెలుస్తదో సూస్తున్న అల్లుడా" అన్నది, నా దిక్కు తిరగకుండనే.

వాకిట్ల చెక్కకాలు చప్పుడైంది. బావ మంద కాడి నుంచి వస్తున్నడు. ఆమె దిగ్గున చెయ్యి తీసి చీర కుచ్చిళ్ళల్ల దాసుకొని, అన్నం పెట్టాల్నా బిడ్డా అని కేకేసింది.